మందలించడానికి (పలకరించడానికి) దవాఖానకు పోతున్నారా? ముందు చేతుల సంగతి చూడండి

మా వైపు ఎవరైనా దవాఖానలో పడ్డారని తెలిస్తే చూడకుండా ఊరుకోవడం అనేది ఉండదు. ములుగు నుంచో పరకాల నుంచో నర్సంపేట నుంచో ఒక్క ఆటోలో ఎనిమిది మంది ఎక్కి హన్మకొండ దాకా వచ్చి, మందలించి, బ్రెడ్డు ప్యాకెట్టో రెండు కొబ్బరి బోండాలో మంచం పక్కన పెట్టి, పోయేటప్పుడు దిండు కింద ఐదు వందల నోటు దూర్చి పోతారు. రాకపోతే ఆ మాట ఏళ్ల తరబడి పడాలి, పెండ్లి పందిట్లో కూడా గుర్తు చేస్తారు. నాకు ఈ పద్ధతి ఇష్టం. మా బాపు (నాన్న) తుంటి ఎముక విరిగి మంచాన పడ్డప్పుడు ఊరి మనుషులు గుమ్మంలో కనబడగానే ఆయన మొహంలో వచ్చిన కళ ఏ మందుకూ రాలేదు. అందుకే చూడటానికి పోవద్దని నేను ఎవరికీ చెప్పను. కానీ ఎట్లా పోవాలి, అక్కడ దేన్ని ముట్టుకోవాలి, వచ్చాక ఏం చేయాలి అన్నది మాత్రం చెప్పాలనిపించింది, ఎందుకంటే ఈ విషయంలో మన భయాలన్నీ ఒక దిక్కు, అసలు ప్రమాదం ఇంకో దిక్కు ఉన్నాయి.

వానాకాలం ముదిరిందంటే వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానలో గానీ ప్రైవేటులో గానీ జ్వరాల వార్డులు నిండిపోతాయి కదా, అప్పుడు చూడండి. డెంగ్యూ పేషెంటు మంచం దగ్గరికి పోవాలంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నాలుగడుగుల అవతల నిలబడతారు. డెంగ్యూ గాలికి రాదు, ముట్టుకుంటే రాదు, దోమ కుడితేనే వస్తుంది, అదీ ఎక్కువగా పగటిపూట కుట్టే దోమ. జ్వరంలో ఉన్న మనిషిని కుట్టిన దోమ ఒంట్లో వైరస్ పెరగడానికి వారం పది రోజులు పడుతుంది, ఆ తర్వాత అది ఎవరిని కుట్టినా అంటిస్తుంది. కాబట్టి అక్కడ కావాల్సింది నిండు చేతుల చొక్కా, కాళ్లకూ చేతులకూ దోమల క్రీము, పేషెంటుకు పగలు కూడా దోమతెర. ముక్కుకు కొంగు పెట్టుకుని ఏం లాభం? అదే మనుషులు కిందికి దిగి వచ్చి, ఓపీ దగ్గర నెల రోజుల నుంచి దగ్గుతున్న పెద్దాయన పక్కన బెంచీ మీద కూర్చుని గంటసేపు ముచ్చట పెడతారు. అక్కడ మాత్రం ఏ భయమూ ఉండదు. హెచ్ఐవీ విషయంలోనూ అంతే. ఆ మనిషి పక్కన కూర్చున్నా, చేయి పట్టుకున్నా, కలిసి తిన్నా రాదు, కానీ పాపం అట్లాంటి వాళ్ల దగ్గరికి చుట్టాలు పోరు, వాళ్లకు ఒక పలకరింపు కూడా దొరకదు. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది.

అసలు ప్రమాదం చేతుల్లో ఉంది. మనం చేత్తో తినే మనుషులం. దవాఖానలో అటెండెంట్లు, అంటే పేషెంటుకు తోడుగా ఉండే ఇంటివాళ్లు, ఎక్కడ తింటారు? మంచం పక్కనే, స్టూలు మీద టిఫిన్ డబ్బా పెట్టుకుని. ఆ చేయి అంతకు ముందు ఎక్కడెక్కడ తిరిగిందో ఒకసారి లెక్క వేయండి. లిఫ్టు బటన్, వార్డు తలుపు పిడి, మంచం పక్క కడ్డీ, సెలైన్ స్టాండు, పేషెంటు దుప్పటి, పక్క మంచం వాళ్లు అడిగితే అందించిన నీళ్ల బాటిల్, మధ్యలో నాలుగైదు సార్లు తీసి చూసిన ఫోను. క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్, స్టెఫైలోకాకస్ లాంటి బాక్టీరియా దవాఖానల్లో ఎక్కువగా కనబడే రకాలు. పొడిగా ఉన్న కడ్డీ మీద, టేబుల్ మీద కూడా ఇవి రోజుల తరబడి, కొన్నిసార్లు నెలల తరబడి బతికి ఉంటాయి. పైగా రోజూ యాంటీబయాటిక్స్ వాడే చోట బతికి బట్టకట్టినవి కాబట్టి మామూలు మందులకు లొంగనివి ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న మనిషి చేతి మీద అవి ఉన్నా చాలాసార్లు ఏమీ కాదు. కానీ ఆ చేత్తోనే పక్కన ఆపరేషన్ అయి కుట్లతో పడుకున్న మనిషి దుప్పటి సర్దుతాం, సెలైన్ సూది దగ్గర ఊడిన ప్లాస్టర్ నొక్కుతాం, అక్కడ వస్తుంది తంటా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం మన లాంటి దేశాల్లో ఆస్పత్రిలో చేరిన ప్రతి వంద మందిలో 15 మందికి అక్కడ ఉండగా కనీసం ఒక ఇన్ఫెక్షన్ అంటుకుంటోంది. ధనిక దేశాల్లో ఈ సంఖ్య 7. చేతుల శుభ్రతతో పాటు మిగతా జాగ్రత్తలు పాటిస్తే ఇందులో 70 శాతం దాకా తగ్గించవచ్చని కూడా ఆ నివేదికలోనే ఉంది. కొత్త మిషన్లు, కొత్త బిల్డింగులు వస్తే గానీ ఏమీ మారదని అనుకునేవాళ్లు ఈ మాట మళ్లీ చదవాలి.

చేతుల సంగతి డాక్టర్లకే ఆలస్యంగా తెలిసింది. వియన్నాలో సెమ్మెల్వైస్ అనే డాక్టర్ పనిచేసిన కాన్పుల వార్డులో 1846లో వంద మంది బాలింతల్లో 11 మందికి పైగా చనిపోయారు. శవాలను కోసి పరీక్షించిన చేతులతోనే డాక్టర్లు, విద్యార్థులు వచ్చి కాన్పులు చేసేవాళ్లు. 1847లో ఆయన బ్లీచింగ్ పౌడర్ లాంటి క్లోరిన్ మందు కలిపిన నీళ్లతో చేతులు కడుక్కోవాలని పట్టుబట్టాడు. 1848 నాటికి చావులు వందకు ఒకటీ రెండుకు దిగాయి. అయినా తోటి డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు, మా చేతులు మురికివా అని కోపం తెచ్చుకున్నారు. ఇప్పుడు మన చుట్టాలను చేతులు కడుక్కోమంటే వచ్చే కోపం కూడా అచ్చం అదే.

మా వదిన స్టాఫ్ నర్సుగా చేస్తుంది. బాపు దగ్గర నన్ను అటెండెంటుగా కూర్చోబెట్టేటప్పుడు మొదట నేర్పింది చేతులు కడగడమే. సబ్బయితే 40 నుంచి 60 సెకండ్లు, చేతులకు రుద్దుకునే శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకండ్లు. అరచేతులు రుద్దడం అందరూ చేస్తారు. వేళ్ల సందులు, వేళ్ల కొసలు, గోళ్ల కింద, బొటనవేలు చుట్టూ వదిలేస్తారు, మనం అన్నం కలిపేది సరిగ్గా ఆ వేళ్ల కొసలతోనే. ఉంగరం ఉంటే తీసి కడగాలి, గాజులు కొంచెం పైకి జరపాలి. శానిటైజర్‌లో ఆల్కహాల్ 60 శాతానికి తక్కువ ఉండకూడదు, బాటిల్ మీద రాసి ఉంటుంది చూడండి. తడి చేతుల మీద పోస్తే పలచబడి పనిచేయదు, చుక్క వేసుకుని వెంటనే ప్యాంటుకు తుడుచుకున్నా పనిచేయదు, ఆరేదాకా రుద్దాలి. చేతికి మురికి కనబడుతుంటే, రక్తమో మలమో అంటితే శానిటైజర్ చాలదు, సబ్బూ నీళ్లే కావాలి. పేషెంటుకు విరేచనాలు అవుతున్నా అంతే. విరేచనాలు తెప్పించే క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బాక్టీరియా విత్తనాల్లాంటి రూపాలు (స్పోర్లు) ఆల్కహాల్‌కు చావవు, సబ్బుతో రుద్ది పారే నీళ్ల కింద కడిగితే చేతి మీద నుంచి కొట్టుకుపోతాయి.

ఎప్పుడు కడగాలి అంటే, వార్డులోకి పోయేముందు, బయటికి వచ్చాక, తినేముందు, బాత్రూమ్‌కు పోయొచ్చాక. ఇవి గాక పేషెంటును ముట్టుకునే ముందు ఒకసారి, ముట్టుకున్నాక ఒకసారి. మంచాన్నీ చుట్టూ ఉన్న సామాన్లనూ మాత్రమే ముట్టుకున్నా సరే, కడగాలి. ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పోతే తప్పనిసరి. మన వాళ్లకు వార్డంతా తిరిగి ఏ ఊరు, ఏం జబ్బు అని అడిగే అలవాటు ఉంది, మంచి మనసుతోనే అడుగుతారు, కానీ ఒకరి దగ్గరున్నది ఇంకొకరి దగ్గరికి మోసుకుపోయేది అట్లాగే. పలకరించాలనిపిస్తే నిలబడి మాట్లాడండి, మంచం మీద కూర్చోవద్దు, వాళ్ల సామాన్లు ముట్టుకోవద్దు.

ఇక బాపు దగ్గర జరిగింది చెప్తాను. ఆపరేషన్ తర్వాత మూత్రానికి గొట్టం వేశారు, దాని చివర సంచి. ఆ సంచి ఎప్పుడూ కడుపు కింది భాగం కంటే కిందనే ఉండాలి, నేలకు తాకకూడదు, మంచం కడ్డీకి ఉన్న కొక్కేనికి వేలాడాలి. ఎక్స్‌రేకు తీసుకుపోవడానికి స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు వార్డు బాయ్ గబగబా ఆ సంచి తీసి బాపు పొట్ట మీద పెట్టాడు, తోసుకుపోవడానికి అడ్డం రాకుండా. గొట్టంలో ఉన్న మూత్రం వెనక్కి, లోపలికి జారడం నా కళ్లముందే కనబడింది. నేను సంచి కిందికి దించి పట్టుకున్నాను. అతను విసుక్కున్నాడు, "ఏం గాదు అక్కా, రెండు నిమిషాల పని" అన్నాడు. రెండు నిమిషాలైనా సరే, సంచిలో నిలవ ఉన్న మూత్రం మూత్రాశయంలోకి తిరిగి పోతే దాంతోపాటు సూక్ష్మజీవులూ పోతాయి. మరీ తప్పక పైకి ఎత్తాల్సి వస్తే ముందు సంచి ఖాళీ చేసి, గొట్టానికి క్లిప్పు పెట్టమని సిస్టర్‌ను అడగాలి. సంచి ఖాళీ చేసేటప్పుడు దాని మూతి కింద పెట్టిన డబ్బాకు తగలకూడదు. ఒకరికి వాడిన డబ్బా ఇంకొకరికి వాడకూడదు, దీన్ని మాత్రం కళ్లల్లో వత్తులు వేసుకుని చూడాలి, ఎందుకంటే ఒక్క డబ్బాతో వరుసగా నాలుగు మంచాలు కానిచ్చేయడం నేను చూశాను. ఇంకొక మాట, గొట్టం ఎన్ని రోజులు ఉంటే ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం అంత పెరుగుతుంది. "సార్, ఈ గొట్టం ఇంకా అవసరమా?" అని రోజూ రౌండ్స్‌లో అడగడం అటెండెంటు హక్కు.

చేతి మీద సెలైన్ సూది కూడా అంతే. ఆ చోట ఎర్రబడినా, వాచినా, నొప్పి అన్నా, ప్లాస్టర్ తడిసినా వెంటనే సిస్టర్‌కు చెప్పాలి. మనం ఊది, నొక్కి, గట్టిగా కట్టు కట్టి సర్దకూడదు.

డాక్టర్‌నో సిస్టర్‌నో "చేతులు కడుక్కున్నారా" అని అడగాలంటే మనకు నోరు రాదు. పెద్ద చదువులు చదివినవాళ్లను అడగొచ్చా అన్న బెరుకు ఒకటి, కోపం వస్తే సరిగ్గా చూడరేమో అన్న భయం ఒకటి. నేను ఒక చిన్న శానిటైజర్ బాటిల్ మంచం తల దగ్గర, అందరికీ కనబడేట్టు పెట్టాను, ఎవరు వచ్చినా నేనే ముందు తీసి రుద్దుకుని వాళ్ల వైపు జరిపేదాన్ని. ఒక్కరు కూడా తప్పుగా అనుకోలేదు. చుట్టాలకూ అదే పద్ధతి. మా చిన్నమ్మ మాత్రం "గిదేంది బిడ్డా, మేమేమన్న అంటరానోళ్లమా?" అని చిన్నబుచ్చుకుంది. "మీ కోసం కాదు చిన్నమ్మా, బాపు కుట్లు పచ్చిగున్నయ్, ఆయన కోసం" అంటే ఇంకో మాట మాట్లాడకుండా చేయి చాపింది. పేషెంటు పేరు మీద చెప్తే ఎవరూ కాదనరు, ఇది గుర్తుపెట్టుకోండి.

గాలితో వచ్చేవి వేరే లెక్క. టీబీ, తట్టు, ఆటలమ్మ, ఫ్లూ, కరోనా. టీబీ పేషెంటు దగ్గినప్పుడు వచ్చే సన్నటి తుంపరలు కిటికీలు మూసిన గదిలో గంటల తరబడి గాలిలో తేలుతుంటాయి, తట్టు వైరస్ అయితే ఆ మనిషి గదిలోంచి వెళ్లిపోయిన తర్వాత కూడా రెండు గంటల దాకా ఉంటుంది. అందుకని కిటికీ తెరిచి ఉన్న చోట కూర్చోండి, మూసి ఉంటే తెరవండి, ఏసీ గది కంటే గాలి ఆడే వరండా నయం. టీబీ వార్డుకో, దగ్గు పేషెంట్లు ఎక్కువగా ఉన్న చోటికో పోవాల్సి వస్తే ఎన్95 మాస్కు పెట్టుకోండి, మామూలు సర్జికల్ మాస్కు పక్కల నుంచి గాలిని ఆపలేదు. ఆ సర్జికల్ మాస్కు దగ్గే మనిషికి పెడితే బాగా పనిచేస్తుంది. గడ్డం కింద మాస్కు, ముక్కు బయటికి పెట్టిన మాస్కు పెట్టుకోనట్టే లెక్క, తీసేటప్పుడు ముందు భాగం పట్టుకోకుండా చెవుల దగ్గరి తాడు పట్టి తీయాలి. మందులు మొదలుపెట్టిన టీబీ పేషెంటు నుంచి రెండు మూడు వారాల్లో అంటించే గుణం బాగా తగ్గిపోతుంది, కాబట్టి జన్మంతా దూరం పెట్టనక్కర్లేదు. మనకే రెండు వారాలు దాటి దగ్గు ఉంటే గవర్నమెంట్ దవాఖానలో తెమడ పరీక్ష ఉచితం, ఆలస్యం చేయొద్దు.

మీకు జలుబు, జ్వరం, విరేచనాలు ఉంటే పోవద్దు. వాంతులు విరేచనాలు ఆగిన తర్వాత కూడా రెండు రోజులు ఆగాలి. వీడియో కాల్‌లో మాట్లాడండి, అది తక్కువ ప్రేమేమీ కాదు. పసిపిల్లలను తీసుకుపోవడం అసలు వద్దు, తాత చూడాలంటున్నాడని సంకలో వేసుకుని పోతారు, ఆ పిల్ల నేల మీద పాకుతుంది, చేయి నోట్లో పెట్టుకుంటుంది. గర్భిణులు, క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్లు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు కూడా పోకుండా ఉంటేనే మంచిది. ఇక బాలింతను చూడటానికి పోయి పసికందును చేతులు మార్చుకుంటూ ముద్దులు పెట్టి ఫోటోలు దిగడం ఇప్పుడు ఎక్కువైంది. పెద్దలు ఇరవై ఒకటో రోజు దాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వకపోవడంలో ఈ మేలు కూడా ఉందని నేను నమ్ముతాను. పెదవి మీద పొక్కు ఉన్న మనిషి పెట్టే ముద్దు ఆ వయసు బిడ్డకు ప్రాణం మీదికి తెస్తుంది, హెర్పిస్ వైరస్ అట్లాంటిది.

కింద చాప వేసుకుని పడుకునే అటెండెంట్లకు ఒక మాట. చాపకు పైవైపు ఏదో గుర్తు పెట్టుకోండి, నేలకు ఆనిన వైపు మరునాడు మీ మొహం కిందికి రాకుండా. మంచం కింద చెప్పుల కోసం చూడకుండా చేయి పెట్టొద్దు, సూదులు పడి ఉంటాయి. ఒకవేళ గుచ్చుకుంటే పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, పారే నీళ్ల కింద సబ్బుతో కడిగి వెంటనే డ్యూటీ డాక్టర్‌కు చెప్పండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం ఉండదు. వార్డులో కనబడే పసుపు, ఎరుపు బుట్టలు రక్తం అంటిన దూది, గొట్టాలు వేసేవి, 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లో ఏ రంగులో ఏం వేయాలో స్పష్టంగా ఉంది. మనం మిగిలిన అన్నం, అరటి తొక్కలు తెచ్చి వాటిలో వేస్తాం, పైగా నిండిందని చేత్తో అదుముతాం. ఆ అదమడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

తిండి మంచం దగ్గర కాకుండా బయట, చేతులు కడుక్కుని తినండి. చెంచా ఉంటే ఇంకా మంచిది. కోసిన పండ్ల ముక్కలు గేటు దగ్గర కొనుక్కుని తీసుకుపోయే బదులు తొక్క ఉన్న పండ్లు, అరటి, బత్తాయి తీసుకుపోండి.

ఇంటికి వచ్చాక మన దగ్గర వాకిట్లోనే కాళ్లు కడుక్కునే అలవాటు ఎట్లాగూ ఉంది, దానికి సబ్బుతో చేతులు కలిపితే సగం పని అయిపోయినట్టే. ఫోన్‌ను ఆల్కహాల్ తుడుపుతో తుడవండి, చేతులు కడిగి మళ్లీ అదే ఫోను పట్టుకుంటే కడిగిన ఫలం పోతుంది. రోజంతా అక్కడ ఉన్నవాళ్లు బట్టలు మార్చి, ఉతికి ఎండలో ఆరేయండి, స్నానం చేస్తే మంచిదే.

ముందు జాగ్రత్త అని మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ అడిగి వేసుకోవడం మాత్రం మానేయండి. వైరస్‌కు అది పనిచేయదు, రాని ఇన్ఫెక్షన్‌కు మందు లేదు, రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ మందు మీ ఒంట్లో పనిచేయకుండా పోతుంది. ఎవరికైనా తరచుగా దవాఖాన పని పడుతుంటే హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది, పూర్తి చేసుకోండి. పెద్ద వయసు వాళ్లకు ఏటా ఫ్లూ టీకా గురించి మీ డాక్టర్‌ను అడగండి. పోయొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం, దగ్గు, విరేచనాలు, లేదా చీము పట్టిన పుండు కనబడితే ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ఫలానా వార్డులో ఇన్ని రోజులు ఉన్నానని ముందే చెప్పండి, అడగకపోయినా చెప్పండి, ఏ పరీక్ష రాయాలో ఏ మందు ఇవ్వాలో దాన్ని బట్టే మారుతుంది.